అరవై దాటని బ్యాటరీ

చుమిక్‌దో,
నవంబరు 24

కుంజెస్ తల్లికి మామయ్య జూలే.

జూలే అని పలకరించడం అయింది, ఇక ముందు అసలు సంగతి రాసేస్తాను. లేకపోతే మీ అత్తయ్య యంగ్డోల్ చెప్పమన్న కబుర్లతోనే కాగితం నిండిపోతుంది. నువ్విచ్చిన లాప్‌టాప్‌కి ఒంట్లో బాగాలేదు.

సాయంత్రం నాలుగింటికి ఊరి సోలార్ కరెంటు వస్తుంది, ఎనిమిదింటికి పోతుంది. నాలుగు కాగానే ప్లగ్ పెడుతున్నాను. యాభై అవుతుంది, యాభై అయిదు అవుతుంది, అరవై దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నా ఒక్క అంకె కదలదు. పక్కన ‘ప్లగ్ ఉంది, ఛార్జింగ్ లేదు’ అని వస్తుంది. ప్లగ్ ఉన్న సంగతి నాకూ తెలుసు, పెట్టినవాణ్ణి నేనే కదా.

మర్నాడు మధ్యాహ్నం మా గురువుగారు ల్హుండుప్, ఊరంతా ‘మేమే’ అని పిలిచే తాతగారు, కాళ్ళ దగ్గర కుంపటి పెట్టుకుని తన మందుల పుస్తకం చదువుతారు. నేను రెండు వేళ్ళతో టైపు కొడతాను. గంటన్నర తిరక్కుండానే తెర నల్లబడుతుంది. మొన్న అరుగుదల మందు చెబుతున్నారు. “దానిమ్మ గింజలు ఎనిమిది పాళ్ళు, దాల్చిన చెక్క ఒక పాలు, యాలకులు...” అన్నారు. అంతే, పోయింది. ఎన్ని పాళ్ళని మళ్ళీ అడుగుదామంటే ఆయన నిద్రలోకి జారుకున్నారు.

నీకు తెలియంది కాదు. ఆయనకి ఎనభై ఏడు. రెండో కంట్లో కూడా పొర కమ్ముకొస్తోంది. ఆ పుస్తకం నూటపన్నెండు పుటలు. సగం పొట్టి రాతలు, మిగతా సగం వెన్న మరకలు, మసి. ఆయన తప్ప ఎవరూ చదవలేరు. నలభై ఏళ్ళు నాడి పట్టినవాణ్ణి, నేనూ చదవలేను. లేహ్‌లో వైద్య పాఠశాల వాళ్ళు వసంతానికల్లా అచ్చు వేస్తామన్నారు. ఇప్పటికి ముప్ఫై ఒకటి అయ్యాయి. ఈ చలికాలం దాటి వచ్చే చలికాలం ఆయన ఉంటారని నేను నాడి పట్టి చెప్పలేను.

లాప్‌టాప్‌కి కూడా నాడి వెతికాను. నవ్వకు. కింద చెయ్యి పెడితే వేడిగా ఉంది. నా లెక్కలో ఇది వేడి రోగం. నువ్వేమంటావు?

మొబైల్ టవర్ మొదటి మంచుకే పడుకుంది. మార్చికి గాని లేవదట. అందుకే వారం వారం బస్సు తోలే హైదర్ చేతికి ఈ ఉత్తరం.

మీ మామయ్య
ఇషే తొండుప్

*

లేహ్,
డిసెంబరు 1

మామయ్యకి జూలే.

ఉత్తరం అందింది. కవరు మీద ‘డాక్టర్ కుంజెస్’ అని రాశారు. హైదర్ అన్న దాన్ని బజారంతా చూపించుకుంటూ వచ్చాడు. ఇప్పుడు పక్క కొట్టు స్వెట్టర్లావిడ మోకాళ్ళ నొప్పులకి మందు అడుగుతోంది. నేను బాగుచేసేవి కంప్యూటర్లు, కాస్త గుర్తుంచుకోండి.

కంగారు పడాల్సింది ఏం లేదు. ఇలాంటివి వారానికి నాలుగు చూస్తాను. మొదట లాప్‌టాప్ ఆపేసి, ప్లగ్ తీసి, ఆన్ చేసే బటన్‌ని ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల చిక్కుకున్న కరెంటు పోతుంది. ఛార్జర్ మొనని పొడిగుడ్డతో తుడవండి. తడిగుడ్డతో కాదు. అత్తయ్యకి చెప్పండి, ఆవిడ ఏం కనిపించినా తడిగుడ్డే పెడుతుంది.

ఇక వేడి సంగతి. మీ వైద్యం ఈసారి కరెక్టే. బ్యాటరీకి వేడి శత్రువు. మీరు పొయ్యి పక్కనే పెట్టుకుని ఉంటారు, నాకు చూసినట్టే ఉంది. అక్కడ చలికాలం మనుషులూ మేకపిల్లలూ అందరూ వంటింట్లో పొయ్యి చుట్టూనే ఉంటారని అమ్మ చెప్పేది. ముందు ఆ కుంపటి తీసేయండి. కాస్త చల్లగా, గాలి ఆడేచోట ఉంచండి. రెండు రోజుల్లో దారికొస్తుంది.

మేమేకి నా తరఫున తల వంచి దణ్ణం పెట్టండి. యాలకుల సంగతి అడగడం మర్చిపోకండి, సగం మందుతో పుస్తకం వేస్తే జనం మనల్ని తంతారు.

కుంజెస్

*

చుమిక్‌దో,
డిసెంబరు 8

కుంజెస్‌కి.

నువ్వు రాసినవన్నీ పొల్లు పోకుండా చేశాను. ముప్ఫై సెకన్లు ఎలా లెక్కపెట్టాలో తెలియక జపమాల పట్టుకుని మంత్రం తిప్పాను. వేలు నొప్పెట్టింది గాని లాప్‌టాప్ ఏం మారలేదు.

పొయ్యి పక్కన పెట్టానని రాశావు. ఎప్పుడూ పెట్టలేదు, ఎందుకు పెడతాను? దాన్ని ఉంచాల్సిన చోటే ఉంచాను. కుంపటి మాత్రం తీసేశాను. గాలి ఆడాలన్నావని కిటికీ కూడా తెరిచి పెడుతున్నాను. తీసేముందు మేమేని అడిగాను. నీ ఉత్తరం చదివి వినిపించమన్నారు. విని, “యంత్రానికి పడదని పిల్ల అంత స్పష్టంగా రాసింది కదా, తీసెయ్” అన్నారు.

ఇంత చేస్తే ఏమైందో తెలుసా? ఇదివరకు అరవై దాకా ఎక్కేది. మొన్న ఇరవై రెండు దగ్గర ఆగింది. నిన్న పద్నాలుగు. ఇవాళ అసలు కదల్లేదు. వేడి రోగానికి చలువ చేస్తే రోగం ముదరడం నా అనుభవంలో ఇదే మొదటిసారి.

కాగితం మీద రాసుకుందామంటే పెన్ను కూడా మొరాయిస్తోంది. నాలుగక్షరాలు రాసి ఊరుకుంటుంది. మేమే గొంతు కూడా అంతే. గంట చదివేసరికి మాట పీలగా అయిపోతోంది. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఆగిపోతున్నారు. పొడి దగ్గు కూడా మొదలైంది. పొడి మందిచ్చాను.

ముప్ఫై ఎనిమిది పుటలయ్యాయి. యాలకులు అడిగాను. ఒక పాలు.

ఇషే తొండుప్

*

లేహ్,
డిసెంబరు 15

మామయ్యకి జూలే.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకేం అర్థం కాలేదు. చల్లబెడితే బాగుపడాలి గాని, అరవై నుంచి పద్నాలుగుకి రావడమేమిటి?

కాబట్టి తప్పు ఛార్జర్‌లో ఉండాలి. కొత్తది హైదర్ అన్న చేతికిచ్చాను. పాతది పక్కన పడేయండి. కొత్తదానితో కూడా ఎక్కకపోతే, మీ ఊరి కరెంటు నీరసంగా వస్తోందని అర్థం. అదే గోడకి బల్బు పెట్టి చూడండి. మినుకు మినుకుమంటోందా, నిండుగా వెలుగుతోందా రాయండి.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. గోడ మీద స్విచ్ వేస్తున్నారు కదా? కిందటి వారం ఓ పెద్దాయన ఇలాగే లాప్‌టాప్ తెచ్చి నెల రోజులుగా ఛార్జ్ కావడం లేదని నా మీద అరిచాడు. తీరా చూస్తే ఇంట్లో స్విచ్చే వెయ్యలేదు.

పాఠశాల వాళ్ళు మళ్ళీ అడిగారు. అచ్చుకి ఫిబ్రవరి ఆఖరు గడువు పెట్టారు. మీరు రోజుకి రెండు పుటలైనా లాగాలి.

మేమే దగ్గు తగ్గిందా?

కుంజెస్

*

చుమిక్‌దో,
డిసెంబరు 29

కుంజెస్‌కి.

స్విచ్ వేశాను. వేస్తూనే ఉన్నాను. బల్బు నిండుగా వెలుగుతోంది. నీ కొత్త ఛార్జర్ చక్కగా ఉంది, దాని దీపం కూడా వెలుగుతోంది, లాప్‌టాప్ మాత్రం పదకొండు మీద కూర్చుంది.

కాని ఒక విచిత్రం జరిగింది, కుదురుగా కూర్చుని చదువు.

లోసర్ పండక్కి మనింట్లో పూజ పెట్టించాం. ఆరుగురు లామాలొచ్చారు. ఇరుగుపొరుగు ఎనిమిది మంది. నలభై వెన్న దీపాలు. దీపాలు ఆరిపోతాయని మీ అత్తయ్య కిటికీ మూసేసింది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా భుజం భుజం రాసుకుంటూ కూర్చుని పఠనం చేశాం. లాప్‌టాప్ మూల బల్ల మీద ఉంది. నాలుగింటికి అలవాటు కొద్దీ ప్లగ్ పెట్టాను. ఎనిమిదింటికి చూస్తే నూరు! మేమే ఆ రోజు హుషారుగా ఉన్నారు. లామాల కంటే గట్టిగా చదివారు. మర్నాడు మూడు గంటలు కూర్చుని తొమ్మిది పుటలు చెప్పారు.

ఆ సాయంత్రం మళ్ళీ ప్లగ్ పెట్టాను. కదల్లేదు.

నాకు తోచింది ఒకటే. పూజ జరిగితే ఎక్కుతోంది, జరక్కపోతే లేదు. పెద్ద లామాని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, లోపల మందుల శాస్త్రం ఉంది కాబట్టి కాదనలేనన్నాడు. పదిహేను రోజులకోసారి వస్తానన్నాడు. మీ అత్తయ్య మాత్రం, ఆరుగురికీ ఆవిడే వండాలి కాబట్టి, బ్యాటరీకి ఇంకేదైనా వైద్యం చూడమంటోంది.

ఎందుకైనా మంచిదని లాప్‌టాప్‌ని ఉన్ని శాలువాలో చుట్టి హైదర్‌కిచ్చాను. ఇంజను మూత మీద, తన పక్కనే పెట్టుకుని తెస్తానన్నాడు. నువ్వు స్వయంగా చూడు.

యాభై ఏడు పుటలు. మేమేకి దగ్గు ఛాతీలోకి దిగింది.

ఇషే తొండుప్

*

లేహ్,
జనవరి 5

మామయ్యకి.

మీ లాప్‌టాప్ వచ్చింది. వచ్చీ రాగానే నా బల్ల మీద పెట్టి ప్లగ్ పెట్టాను. రెండు గంటల్లో నూరు. ఖాళీ చేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ నూరు. మూడోసారి కూడా అంతే. పూజ చేయలేదు. ఆ పొద్దున నేను మొహం కూడా కడుక్కోలేదు.

అయినా నా తృప్తి కోసం బ్యాటరీ కొత్తది వేశాను. లోపలంతా విప్పి దుమ్ము దులిపాను. దీనికి ఏ జబ్బూ లేదు.

మామయ్యా, ఇక్కడ ఎక్కి అక్కడ ఎక్కకపోవడానికి దీనికేమైనా మనసుందా? ఇరవై రోజులుగా కొట్టు పని పక్కన పెట్టి దీని గురించే ఆలోచిస్తున్నాను. మీకు టైపు కొట్టడం విసుగనిపిస్తే ఆ మాట చెప్పండి, తప్పేం లేదు. ఇంకెవరినైనా పంపుతాను. అంతేగాని, ఎనభై ఏడేళ్ళాయన కూర్చుని చదువుతుంటే మీరు బద్ధకించి, దానికి బ్యాటరీ పేరు పెడుతుంటే ఏమనుకోవాలి? పాఠశాల వాళ్ళకి ఏం చెప్పాలి?

నూరు నింపి పంపుతున్నాను. ఈసారి ఎక్కకపోతే తప్పు లాప్‌టాప్‌ది కాదు.

కుంజెస్

*

చుమిక్‌దో,
జనవరి 12

కుంజెస్‌కి.

బద్ధకం అన్న మాట మీ అత్తయ్య పైకి చదివింది. నాకు చత్వారం వచ్చి ఆవిడ చేత చదివిస్తున్నాను. మధ్యలో ఆపేసి, టీ పెడతానని లేచి వెళ్ళిపోయింది. మిగతాది నేనే కూడబలుక్కుని చదివాను. నిన్ను భుజాన వేసుకుని తిప్పినవాణ్ణి. సరే, రాసేశావు.

నీ కొత్త బ్యాటరీ ఇక్కడ ఒక్క రోజు పనిచేసింది. ఇప్పుడు తొమ్మిది మీద ఉంది. ఇది అబద్ధమని నువ్వనుకుంటే అనుకో.

అది ఎక్కినా ఇప్పుడు చేసేదేం లేదు. మేమే ఆరు రోజులుగా మేడ మెట్లెక్కడం లేదు. జ్వరం. పొయ్యి పక్కన పడుకోబెట్టాం, మూడు బొంతలు కప్పినా వణుకు తగ్గడం లేదు. నాడి పట్టుకుంటే దారం ముక్కలా తగులుతోంది. తప్పు నాదే. ఆయన దగ్గుతున్నప్పుడే కుంపటి పెడతానన్నాను. “వద్దు, పిల్ల వద్దని రాసింది. యంత్రం పాడైతే పుస్తకం ఆగిపోతుంది, నేను ఓర్చుకుంటాను” అన్నారు. నేను విన్నాను. వైద్యుణ్ణయి ఉండి విన్నాను.

రోజూ నాలుగింటికి నేనొక్కణ్ణే పైకి వెళ్ళి ప్లగ్ పెట్టి వస్తున్నాను. ఎందుకో నాకే తెలియదు. నిన్న ఆ వైరు తట్టుకుని దేవుడి ముందు ఏడు నీళ్ళ గిన్నెల్లో ఒకటి కింద పడింది. నీళ్ళు ఒలకలేదులే, గడ్డకట్టి ఉన్నాయి. ఈ ఏడాది పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికే గడ్డకడుతున్నాయి. ఇత్తడి గిన్నె సొట్ట పడిందని మీ అత్తయ్య అలిగింది.

నీ లాప్‌టాప్ నువ్వు తీసుకుపో. అరవై ఆరు పుటల దగ్గర ఆగింది. మిగతా నలభై ఆరు పుటలూ ఆయనతోనే పోతాయి.

ఇషే తొండుప్

*

లేహ్,
జనవరి 14

మామయ్యా,

హైదర్ అన్న బస్సుకి ఇంకా అయిదు రోజులుంది. రేపు పొద్దున మీ వైపు గ్యాస్ సిలిండర్ల లారీ వెళుతోందని తెలిసి దాని డ్రైవర్ చేతికి ఇది ఇస్తున్నాను.

ఏ గిన్నెలు? దేవుడి గిన్నెల పక్కన లాప్‌టాప్ ఎందుకుంది? పూజగదిలో పెట్టారా? మొదటి రోజు నుంచీ అక్కడేనా?

అడగక్కర్లేదు, నాకు ఇప్పుడు తెలిసింది. శాస్త్రం లోపల ఉంది కాబట్టి పోతీ గ్రంథాల పక్కనే, మేడ మీద, ఇంట్లో అన్నిటికంటే పై గదిలో పెట్టారు. దేవుడి బొమ్మలకి మసి పడుతుందని పొయ్యి వెలిగించని గదిలో. నేను ఆ ఇంటికి ఎప్పుడూ వేసవిలోనే వచ్చాను. ఆ గది చల్లగా హాయిగా ఉండేదని ఒకటే గుర్తు. మీరు వంటింట్లో ఉన్నారనుకుని ఉత్తరం మీద ఉత్తరం రాశాను.

మామయ్యా, నీళ్ళు గడ్డకట్టేంత చలిలో బ్యాటరీ ఛార్జ్ తీసుకోదు. పాడవకుండా తనంతట తనే వద్దంటుంది. అంతకుమించి దానికి ఏ రోగం లేదు. మధ్యాహ్నపు కుంపటి వేడి గదిలో మిగిలి ఉన్నంతసేపూ అరవై దాకా ఎక్కింది, అడుగున మీ చేతికి తగిలిన వేడీ దానిదే. నేను తీయించాను. దీపాలూ మనుషులూ ఉన్న రోజు నూరు ఎక్కింది. నా బల్ల పక్కన పొద్దస్తమానం పొయ్యి మండుతూనే ఉంటుంది. మూడు ఉత్తరాల్లో మీరు చెబుతూనే ఉన్నారు. పెన్ను రాయడం లేదన్నారు. గంటకే మేమే గొంతు ఆగిపోతోందన్నారు. నేను చదివాను గాని ఆలోచించలేదు.

మీరు బద్ధకస్తులన్నాను. నా చెంప నేనే వాయించుకోవాలి. ఎనభై ఏడేళ్ళాయన కాళ్ళ దగ్గర నిప్పు తీయించింది నేను. ఆయనకేమైనా అయితే నేనేం చెయ్యను?

లాప్‌టాప్‌ని వెంటనే వంటింట్లోకి దించండి. తేగానే ఆన్ చేయకండి, లోపల చెమ్మ పడుతుంది. శాలువాలో చుట్టి నాలుగు గంటలు అలాగే ఉంచండి. పొయ్యికి మరీ దగ్గర వద్దు. మేమే ఎంత దూరంలో హాయిగా పడుకోగలరో అంత దూరంలో పెట్టండి. ఆయన్ని మాత్రం మళ్ళీ పైకి ఎక్కించకండి, పుస్తకం అచ్చు కాకపోయినా సరే.

ఆయన ఎలా ఉన్నారో ఈ లారీ చేతికే ఒక్క ముక్క రాసి పంపండి.

కుంజెస్

*

చుమిక్‌దో,
జనవరి 16

ఉన్నారు. లారీ వాడు తొందరపెడుతున్నాడు. ఏడవకు.

ఇ. తొ.

*

చుమిక్‌దో,
ఫిబ్రవరి 9

కుంజెస్ తల్లికి మామయ్య జూలే.

ముందు నీ లాప్‌టాప్ సంగతి. నూరు. నిన్నా నూరే, ఇవాళా నూరే.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను వెంటనే దించలేదు, నిజం చెబుతున్నాను. శాస్త్రం ఉన్నదాన్ని వెల్లుల్లి వాసనలోకి, మేకపిల్లల మధ్యలోకి ఎలా తేవాలా అని మెట్ల మీద కూర్చున్నాను. మీ అత్తయ్య చూసి చూసి, పిండి డబ్బాలు పెట్టే పై అర ఖాళీ చేసి, పసుపు పట్టుగుడ్డ పరిచింది. “మన తలల కంటే ఎత్తులోనే ఉంది కదా, ఇక తీసుకురా” అంది. తెచ్చాను. ఆ సాయంత్రం అంకె కదలడం చూస్తూ ఇద్దరం సినిమా చూసినట్టు కూర్చున్నాం.

మేమే మరో పదకొండు రోజులు మాట్లాడలేదు. గంజి తాగడం, కళ్ళు మూసుకోవడం, అంతే. మందులన్నీ వేశాను. ఏది పనిచేసిందో, పొయ్యే పనిచేసిందో చెప్పలేను. జనవరి ఇరవయ్యేడున మధ్యాహ్నం హఠాత్తుగా, “అరవై ఏడో పుట” అన్నారు. నేను పరుగెత్తి లాప్‌టాప్ దించాను. పడుకునే చెప్పారు. రోజుకి మూడు, ఒక్కోరోజు అయిదు. కన్ను ఆనకపోతే పుట మీద చెయ్యి పెట్టి కంఠతా చెప్పారు. పుస్తకంలో లేని మందులు కూడా రెండు చెప్పారు.

నిన్నటితో నూటపన్నెండూ అయిపోయాయి. ఆఖరి పుటలో మందులేం లేవు. అది చదువుతూ ఆయన కాస్త సిగ్గుపడ్డారు. అదీ టైపు కొట్టాను, చూడు:

‘మా గురువు చెప్పగా, పదిహేడేళ్ళ ల్హుండుప్ అనే నేను, ఆయన వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని రెండు చలికాలాలు ఇది రాశాను. మసి పడినచోట పాఠకులు మన్నించాలి. నలభయ్యో పుట మీద వెన్న టీ ఒలికించాను. గురువు కసరలేదు.’

మరి నవంబరులోనే ఈ ముక్క ఎందుకు చెప్పలేదు, మేమే, అని అడిగాను.

“నువ్వు నాకంటే చదువుకున్నవాడివి. పైన పెట్టావు, ఏదో కారణం ఉంటుందనుకున్నాను” అన్నారు.

నేను లేచి బయటికి వెళ్ళి కాసేపు మేకలకి గడ్డి వేసి వచ్చాను. పొద్దున వేసిన గడ్డి అక్కడే ఉంది.

మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి హైదర్ చేతికిస్తున్నాను. పాఠశాల వాళ్ళు ఆ ఆఖరి పుట అనవసరమని తీసేస్తామంటారేమో. తీయనివ్వకు. మేమే నిన్ను ఏమీ అనుకోవడం లేదు. వేసవిలో కాదు, ఈసారి చలికాలంలో రమ్మన్నారు.

ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. నిన్న ఆఖరి పుట అయ్యాక మీ అత్తయ్య సంతోషంలో టీ పోస్తూ కీబోర్డు మీద ఒలికించింది. పొడిగుడ్డతోనే తుడిచాను. అయినా ఒక అక్షరం నొక్కితే కిందే అంటుకుపోతోంది. ఏం చెయ్యాలో రాయి.

నేను ఆవిణ్ణి కసరలేదు.

మీ మామయ్య
ఇషే తొండుప్